డ్రైవరు వైపు తలుపు

మావ పోయాడని ఫోనొస్తే నేను నమ్మలేదు. దుఃఖంతో నమ్మకపోవడం వేరు, ఇది వేరు. అంతకు ముందు కూడా ఒకసారి ఇలాగే ఫోనొచ్చింది. కౌలాలంపూర్ నుంచి ఉన్నపళంగా బయల్దేరి బంటింగ్ వెళ్తే, ఆయన షెడ్డు ముందు స్టూలు వేసుకుని కోపీ తాగుతున్నాడు, ఇక్కడ కాఫీని అలాగే అంటారు. "ఎవులెవులు వస్తారో తెలిసిపోయినాది గదా లా," అని, ఈ దేశపు అలవాటుగా మాట చివర లా తగిలించి నవ్వాడు. ఆ కబురు పొరపాటున వచ్చిందా, ఆయనే పంపించాడా అని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. ఆయనే పంపించాడని నా అనుమానం.

అందుకని ఈసారి కారు దిగగానే ముందు ఆ స్టూలు వైపు చూశాను. ఖాళీగా ఉంది. అప్పుడు నమ్మాను. పక్క సీట్లోంచి అమ్మ నెమ్మదిగా దిగుతూ, "ఈపాలి నిజవేనేటే?" అంది. ఆమెదీ అదే అనుమానం.

మలయ్ భాషలో కెతుక్ అంటే తట్టడం. సొట్టలు పడ్డ కార్లను సుత్తితో తట్టి సరిచేసే షెడ్ల బోర్డు మీద ఈ దేశంలో ఆ మాటే ఉంటుంది. బంటింగ్ మొత్తం ఆయన్ని కెతుక్ అనే పిలిచేది. మాకు కెతుక్ మావ. రక్తసంబంధం ఏమీ లేదు. నాన్నా ఆయనా ఒకే రబ్బరు తోటలో, ఒకే కూలీ ఇళ్ల లైనులో పుట్టి పెరిగారు, బావా అంటే బావా అనుకున్నారు. అమ్మ అన్నా అనేది. అసలు పేరు ఒకటి ఉంది గాని, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే పలికేవాడు కాదు. అసలు పేరుతో పిలిచేది పోలీసులేనని ఆయన సిద్ధాంతం.

శవం లేవడానికి ఇంకా వేళ ఉంది. షెడ్డు ముందు వరసగా కార్లు. మామూలు కార్లు కావు. పొట్ట నేలకి తాకేంత కిందికి దిగినవి, తలుపులకు పిడులు లేనివి, దీపాలు గుంటల్లోకి పోయినవి. వాటి పక్కన నల్ల టీషర్టుల్లో కుర్రాళ్లు, కళ్లు తుడుచుకుంటూ. క్లాంగ్ నుంచీ, పోర్టు నుంచీ వచ్చారట. వాళ్లకు ఆయన మాస్టర్. ఒకడు ఇంకొకడికి వివరిస్తున్నాడు: దీని రూఫ్ చాప్ చేసింది మాస్టరే, డోర్లు షేవ్ చేసిందీ ఆయనే, లైట్లు ఫ్రెంచ్ చేసిందీ ఆయనే. ఇదంతా అమెరికా పుస్తకాలు చదివి నేర్చుకున్నాడని కూడా చెప్పాడు.

నేను ఊరుకుని ఉండొచ్చు. చావింట్లో తగువెందుకు? కానీ నాకు ఊరుకోవడం రాదు.

"ఏ పుస్తకం, తమ్ముడూ? ఆయనకు సంతకం తప్ప అక్షరం రాదు. నువ్వు చెప్పిన పనులన్నిటికీ ఆయన దగ్గర వేరే పేర్లున్నాయి, తెలుసా?"

"ఏం పేర్లు, ఆంటీ?"

చెప్పాను. కిటికీ అద్దాల పక్క కడ్డీలు కోసి, పైకప్పును కిందికి దించి, మళ్లీ అతికించడం ఆయన భాషలో నెత్తి దించడం. పిడులూ, కంపెనీ గుర్తులూ, మెరుపు కడ్డీలూ పీకేసి కన్నాలు పూడ్చడం గుండు గీయడం. దీపాల్ని లోపలికి తొయ్యడం గుంటకళ్లు పెట్టడం. బండి ఒంటిలోంచి అడ్డంగా ఒక పట్టీ కోసి తీసేస్తే నడుం తియ్యడం. ఒంటిని చట్రం మీంచి ఇంకా కిందికి జార్చితే పీట తీసి నేల మీద కూకోబెట్టడం. వెనక చక్రాలు కనపడకుండా రేకు తొడిగితే పావడా కట్టడం. ఆ కుర్రాళ్లలో సగం మందికి తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడలేరు. పావడా దగ్గర మాత్రం అందరూ నవ్వారు. ఏడుస్తూనే నవ్వారు. ఒకడు తన కారు వెనక చక్రాన్ని చూపించి, "పావడా, లా!" అన్నాడు.

ఈ విద్య ఎక్కడ నేర్చాడో నాకూ తెలీదు. ఒకసారి పోర్టులో ఓడ దిగిన నావికుడు చూపించాడన్నాడు. ఒకసారి సినిమాలో చూశానన్నాడు. ఇంకోసారి తన బుర్రలోనే పుట్టిందన్నాడు. మూడూ అబద్ధాలే అని నా నమ్మకం. నాలుగోది ఏదో ఉంది.

మనిషి పొట్టి. చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి తగిలించినట్టు పొడుగు. నడుముకు చుట్టిన గుడ్డలో ఎప్పుడూ ఒక అయస్కాంతం, పాత లౌడ్‌స్పీకర్ లోంచి పీకినది. కొత్త కారు షెడ్డుకి వస్తే, ఓనరు నోరు విప్పకముందే అయస్కాంతం తీసి ఒళ్లంతా రాసేవాడు. అంటుకోని చోట నిలబడి, పళ్ల మధ్యనుంచి చిన్న శబ్దం చేసేవాడు. "ఇక్కడ పిండి పూసినారు." రేకు అతుకుల్లో పుట్టీ నింపడం ఆయన దృష్టిలో నేరం. సీసం కరిగించి పొయ్యాలి, ఆకురాయితో నునుపు చెయ్యాలి. పుట్టీ పూసిన కారును "పౌడరేసిన మొకం" అనేవాడు. ఆ మాట ఆడవాళ్ల ముందు అన్నందుకు నేను చాలాసార్లు పోట్లాడాను. ఆయన మారలేదు.

అయస్కాంతం కార్ల దగ్గరే ఆగేది కాదు. కొత్తగా కొన్న ఇత్తడి చెంబుకి పెట్టేవాడు, గుళ్లో గంటకి పెట్టేవాడు. నా పెళ్లిలో పెళ్లికొడుకు చేతి గడియారానికి కూడా పెట్టాడు. మా ఆయన ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతాడు. అయస్కాంతం చాలని చోట గుప్పిట ముడిచి తట్టేవాడు. "కన్ను మోసం సేస్తాది, మోత సెయ్యదు," అనేది ఆయన నిత్య పారాయణం. ఇన్ని మాటలు చెప్పిన మనిషి మోతతోనే మోసం చేశాడని నేను తరవాతి కాలంలో ఆయన మొహం మీదే ఎన్నోసార్లు అన్నాను. ఎందుకో చెబుతాను.

అవి ఎమర్జెన్సీ రోజులు, ఇంగ్లీషు దొరల మీద కమ్యూనిస్టులు అడవిలోంచి పోరాడుతున్న కాలం. తోట చుట్టూ ముళ్లకంచె. బియ్యానికి రేషన్. కొట్టువాడు పాల డబ్బా అమ్మితే కన్నం పొడిచి గాని ఇవ్వకూడదు, దాచి అడవిలోకి పంపకుండా. గేటు దగ్గర ఆడవాళ్ల ముడులు కూడా విప్పి చూసేవారు. పగలు పక్కన నిలబడి రబ్బరు గీసినవాడు సాయంత్రం ఎవరి మనిషో తెలిసేది కాదు. అనుమానం ఒక్కదానికే రేషన్ లేదు. నేను ఆ గాలి పీల్చి పెరిగినదాన్ని. నాకింత నోరెందుకని అడిగేవాళ్లు ఆ గాలినడగాలి.

మావ మీద పోలీసులకూ అనుమానమే. కార్లు బాగుచేసేవాడికి అంత సీసం దేనికి? తూటాలు పోస్తున్నాడేమోనని ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మావ పొయ్యి రాజేసి, సీసం కరిగించి, ఒక మడ్‌గార్డు అతుకులో పోసి, ఆకురాయితో రుద్ది, "ఇప్పుడు సెయ్యి పెట్టండి. అతుకెక్కడో సెప్పండి," అన్నాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యి పెట్టాడు, అతుకు దొరకలేదు. దొరకనందుకు అనుమానం ఇంకా పెరిగింది. షెడ్డుకి ఎదురుగా ఒక కానిస్టేబుల్‌ని కాపలా పెట్టాడు. ఆ కానిస్టేబుల్ మావ స్టూలు మీదే కూర్చుని మావ కోపీ తాగేవాడు.

నాన్న తోట దొరగారి కారు డ్రైవరు. నల్లటి పెద్ద ఇంగ్లీషు కారు. రబ్బరు చెట్ల మధ్య మట్టి రోడ్ల మీద దొరల కార్ల మీద కాల్పులు జరుగుతున్న కాలం. అన్ని తోటల దొరలూ కార్లకు లోపల ఇనప పలకలు వేయించుకుంటున్నారు. మా దొర కూడా పలకలు తెప్పించి మావ షెడ్డుకి పంపాడు. వెనక రెండు తలుపులకీ, సీటు వెనకా వెయ్యాలి. ముందువైపు వద్దు, బరువెక్కువైతే స్ప్రింగులు కుంగిపోతాయన్నాడు. దొర కూర్చునేది వెనక సీట్లో. ముందు కూర్చునేది మా నాన్న.

ఈ సంగతి తెలిసిన రోజు అమ్మ పొయ్యి మీద అన్నం అలాగే వదిలి నన్ను చేత్తో లాక్కుని షెడ్డుకి నడిచింది.

"అన్నా, ముందు తలుపుకేటి?"

"దొర వద్దన్నాడు, సెల్లీ."

"తూటాకి దొరెవుడో డ్రైవరెవుడో తెలుస్తాదేటి?"

మావ సుత్తి కింద పెట్టాడు, మళ్లీ తీశాడు. "పలకలు కొలిసి ఇచ్చినారు. ఒక ముక్క తగ్గినా నన్నే అడుగుతారు."

"ఓళ్ల కొలతలు నాకెందుకు? నాకు ఆ తలుపు కావాలి."

ఆయన అమ్మ ముఖం చూడలేదు. కారు ముందు తలుపు వైపే చూస్తూ, "రేపు రా," అన్నాడు.

మర్నాడు వెళ్లాం. పలకలు బిగించడం అయిపోయింది. మావ వెనక తలుపు మీద గుప్పిటతో తట్టాడు. దబ్బుమని బరువైన మోత. ముందు తలుపు తట్టాడు. అదే మోత. "ఇను," అన్నాడు. అమ్మ చెవి ఆనించి తట్టింది. నేనూ తట్టాను, రెండు చేతులతో.

"దొరకి సెప్పకండి. తెలిస్తే పీకించేస్తాడు," అన్నాడు మావ.

అమ్మ ఆయన చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆయన చేతులు లాక్కుని, మసి అంటుతాదని విసుక్కున్నాడు. దేన్నీ సోదా చెయ్యకుండా నమ్మని నేను, జన్మలో మనసారా నమ్మిన వస్తువు ఆ తలుపొక్కటే.

ఆ తరవాత మా ఇంట్లో ఒక అలవాటు మొదలైంది. సాయంత్రం కారు వచ్చి దాన్ని పెట్టే కొట్టం ముందు ఆగి, దొర దిగి బంగళాలోకి పోయాక, అమ్మ వెళ్లి చేతి వెనకవైపుతో మొదట వెనక తలుపును తాకేది, తరవాత నాన్న తలుపును తాకేది. జ్వరం చూసినట్టు. దిష్టి తీస్తోందనుకునేదాన్ని. లైనులో ఆడవాళ్లందరూ అలాగే అనుకున్నారు, ఒకరిద్దరు తమ మొగుళ్ల సైకిళ్లకు కూడా అలా చెయ్యడం మొదలుపెట్టారు.

ఒకరోజు కారు రావలసిన వేళకి రాలేదు. పక్క తోట దొర కారు మీద కాల్పులు జరిగాయని కబురు. లైనులో ఆడవాళ్లు మా గుమ్మం ముందు చేరారు. అమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది. నేను పెద్ద ఆరిందాలా, "ఎందుకమ్మా భయం? నాన్న తలుపుకి పలకుందిగా," అన్నాను.

"అవునే, ఉంది," అంది అమ్మ. నా తల నిమిరింది. కళ్లు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి.

పొద్దుగూకాక వచ్చారు. దారిలో సైనికులు ఆపి రోడ్డు మూసేశారట, అంతే. నాన్న దిగీ దిగకముందే అమ్మ వెళ్లి తలుపులు తాకింది. నాన్న నవ్వుతూ, "పలకుంది గదే, ఎందుకంత కంగారు?" అన్నాడు.

"అదే గదా నానూ ఓళ్లకి సెప్తన్నాను," అంది అమ్మ.

ఆ సంభాషణ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అందులో ఏమీ లేదనుకునే గుర్తుపెట్టుకున్నాను.

మెర్దేకా, అంటే ఈ దేశానికి స్వతంత్రం, దగ్గరపడింది. మా వైపు కంచెలు తీసేశారు, దొర తోట అప్పగించి స్వదేశం వెళ్లిపోతున్నాడు. కారు పలకలు విప్పించమన్నాడు. నేనప్పటికి క్లాంగ్‌లో ఇంగ్లీషు బడిలో చదువుతున్నాను, సెలవులకి వచ్చాను. నా పలకను నా కళ్లతో చూద్దామని షెడ్డుకి వెళ్లాను.

వెనక తలుపుల్లోంచి పలకలు వచ్చాయి. ఇద్దరు మనుషులు పట్టుకుని దించారు. మావ ముందు తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. లోపల తారులో ముంచిన గోనెగుడ్డ. దాని వెనక చెక్క. పెట్టెలు కొట్టే మామూలు చెక్క, నాలుగు ముక్కలు కలిపి మేకులు కొట్టినది. ఇనుము తునక కూడా లేదు.

నేను అరిచిన అరుపులకు వీధి అవతల కోపీ కొట్టు ఖాళీ అయింది.

"పలకేది? అమ్ముకున్నావా?"

"నాకు పలకిస్తే గదా అమ్ముకోడానికి?"

"మరి మా అమ్మకి ఉందని ఎందుకు చెప్పావు?"

"ఉందని నానెప్పుడు సెప్పినాను, లాయరమ్మా? ఇను అన్నాను."

లాయరమ్మా అని నాకు పేరు పెట్టింది ఆయనే. ఆ పూట ఆ పేరుకు న్యాయం చేశాను. దొంగ అన్నాను. పుట్టీ గాడివి నువ్వే అన్నాను. ఆయన చెక్క మీది మేకులు ఒక్కొక్కటే పీకుతూ కూర్చున్నాడు.

అప్పటికి నాన్న వచ్చాడు. చెక్కను చూసి ఆయన ఏ మాత్రం ఆశ్చర్యపోలేదు. తీసి గోడకి ఆనించి, "మీ అమ్మతో అనకు," అన్నాడు.

"నీకు తెలుసా?"

"రోజూ ఆ తలుపు ఏసేది నాను. బరువు తెలీదేటే? మొదటి రోజే బావని అడిగినాను. సెల్లి నిద్దరోవాల గదా అన్నాడు. సరే అన్నాను."

అంటే అన్నేళ్లూ మా నాన్న ఛాతీకీ తూటాకీ మధ్య పెట్టెచెక్క మాత్రమే ఉందని తెలిసి తెలిసి ఆ సీట్లో కూర్చున్నాడు. నాకు నాన్న మీద కోపం రాలేదు. ఆ కోపమంతా మావ ఖాతాలో వేశాను.

ఎవరూ కొనని ఆ కారు మావ షెడ్డులోనే ఉండిపోయింది. దాని మీద ఆయన పడ్డాడు. పలకల బోల్టులు తీసిన కన్నాలన్నిట్లోనూ సీసం పోశాడు. నెత్తి దించాడు. గుండు గీశాడు. గుంటకళ్లు పెట్టాడు. పావడా కట్టాడు. దొర కూర్చున్న కారని దేవుడు కూడా గుర్తుపట్టడు. పిడి లేని తలుపు తెరవడానికి కింద అంచులో ఒక తీగ, అదెక్కడుందో ఆయనకూ నాన్నకూ తప్ప తెలీదు. మెర్దేకా ఊరేగింపులో బంటింగ్ మైదానం చుట్టూ నాన్న దాన్ని నడిపాడు, పక్కన అమ్మ, వెనక సీట్లో దొర చోట మావ, కాళ్లు బారజాపుకుని. నన్నూ ఎక్కమన్నారు. నేను ఎక్కలేదు. దారి పక్కన ఎండలో నిలబడి మూతి ముడుచుకున్నాను.

ఆ తరవాత ఎన్నేళ్లయినా, చదువు అయ్యి, ఉద్యోగం వచ్చి, పెళ్లయ్యి, బంటింగ్ వెళ్లిన ప్రతిసారీ ఆయనతో అదే తగువు. "వెనక తలుపు పలకలోంచి ఒక చారెడు వెడల్పు నడుం తీసి ముందు తలుపుకి వెయ్యలేకపోయావా? కార్లకి చేస్తావు కదా?" అని అడిగేదాన్ని. "అది ఎయ్యొచ్చునే," అనేవాడు ఒక్కోసారి. ఒక్కోసారి, "చారెడు ముక్కకి తూటా తగలాలంటే అదృష్టం ఉండాల," అనేవాడు. ఒకసారి మాత్రం, "మీ అమ్మనడుగు," అన్నాడు. మాట తప్పిస్తున్నాడనుకున్నాను. అమ్మకి చెప్పనని నాన్నకి మాటిచ్చాను, ఎలా అడుగుతాను? నాన్న పోయాక కూడా అడగలేదు.

ఇప్పుడు చావింటికి వస్తాను. కుర్రాళ్లు షెడ్డు లోపలినుంచి ఆ నల్ల కారును తోసుకొచ్చి వాకిట్లో పెట్టారు, శవం ముందు నడిపించడానికి. ఉదయం నుంచీ ఎండలో ఉంది. మేళం మొదలైంది. నేను వెతికితే అమ్మ ఆ కారు దగ్గర ఉంది. చేతి వెనకవైపుతో వెనక తలుపును తాకింది. తరవాత ముందు తలుపును తాకింది.

"ఇంకా ఏం దిష్టి అమ్మా?"

"దిష్టేటే? నానెప్పుడు దిష్టి తీసినాను?" అమ్మ చెయ్యి తలుపు మీదే ఉంది. "ఇప్పుడు రెండూ ఒక్కలాగే కాల్తన్నాయి. ఆ రోజుల్లో అలాక్కాదు. ఎనక తలుపులు పొద్దోయినా కాల్తానే ఉండేవి, లోన ఇనుముంది గదా. మీ నాన్న తలుపు బండాగిన కాసేపటికే సల్లగయిపోయేది. ఇనుముంటే సల్లబడతాదేటి? వారం తిరక్కుండానే తెలిసిపోయినాది."

నేనూ ముందు తలుపు మీద చెయ్యి పెట్టాను.

"తెలిసి ఊరుకున్నావా?"

"అన్నని అడిగినాను. బుర్రొంచుకున్నాడు. తిడదామనుకున్నాను గానీ, మీ నాన్న పలకుందనుకుని ధైర్నంగా ఎల్తన్నాడు గదా. నేదని తెలిస్తే స్టీరింగు మీన సెయ్యి వణకదా? సెయ్యి వణికితే మరేటుంది? ఆయనికి సెప్పకు అన్నాను. సెప్పనన్నాడు."

"మరి రోజూ సాయంత్రం ఎందుకు తాకేదానివి?"

"అన్న ఎప్పుడేనా ఒక ముక్క దొరికి ఏసినాడేమోనని." అమ్మ చెయ్యి తీసి చీర కొంగుకి తుడుచుకుంది. "సచ్చిందాకా ఆ తలుపులో పలకుందనే అనుకున్నాడే మీ నాన్న. పిచ్చి మనిషి."

నా దగ్గర దానికి జవాబుంది. నాన్న గొంతుతో సహా ఉంది, గోడకానించిన చెక్కతో సహా. నోరు తెరిచాను. అమ్మ నా వైపు చూస్తోంది. అటు శవం లేస్తోంది, అమ్మ మాట నాన్నకీ, నాన్న మాట అమ్మకీ చెప్పకుండా, మధ్యలో నా చేత దొంగా అనిపించుకుంటూ, ఇన్నేళ్లూ తిరిగినవాడు.

"అవునమ్మా, అనుకున్నాడు," అన్నాను.

ఆ చారెడు ముక్క వెయ్యొచ్చునని నేనిప్పటికీ అంటాను. ఆ తగువు ఆయన పోయినా తెగదు.

ఇది ఎందుకు రాశానంటే, ఆయన పుస్తకాలు చదివి నేర్చుకున్నాడని ఇంకెవరో రాసేస్తారేమోనని. మా అమ్మకు చదవడం రాదు. కానీ మీలో మా అమ్మను ఎరిగినవాళ్లు ఉంటారు, ఆదివారం ఆమెను పలకరించడానికి మా ఇంటికి వచ్చేవాళ్లూ ఉంటారు. వచ్చినప్పుడు కోపీ తాగండి, కార్ల గురించి మాట్లాడకండి. మీలో ఒకరైనా నోరు జారతారనే నా అనుమానం. అందుకే ఇకనుంచి ఆదివారాలు నేను ఇంట్లోనే ఉంటాను.